‘పాయింట్లు నీ లైసెన్స్ మీద వేసుకో, డబ్బులిస్తా’ అంటే ఏం చేయాలి?

కడప, రాయచోటి వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న వీధులు చాలానే ఉన్నాయి. వాళ్లలో డ్రైవర్లూ ఎక్కువే. లైసెన్సులు, బండి కాగితాల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నాకు ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది: "దుబాయ్‌లో మా సేటు బండికి బ్లాక్ పాయింట్లు పడినాయంట. నా లైసెన్స్ మీద వేసుకుంటే డబ్బులిస్తానంటున్నాడు. వేసుకోవచ్చా అన్నా?" లండన్‌లో చదువుతున్న పిల్లలు ఇంకో రకంగా అడుగుతారు. రూమ్మేట్ కెమెరాకు స్పీడులో దొరికాడు, ఫారంలో వీళ్ల పేరు రాస్తానంటున్నాడు. కర్నూలు, అనంతపురం ట్రావెల్స్ డ్రైవర్లది మూడో రకం. ఓనరు కొడుకు యాక్సిడెంట్ చేశాడు, ‘బండి నువ్వే తోలినావని చెప్పు, మిగతాది నేను చూసుకుంటా’ అని ఓనరు బతిమాలుతున్నాడు.

మూడూ ఒకే బేరం. మూడింటికీ నా జవాబు ఒక్కటే: వద్దు. అయితే వద్దని చెప్పినంత తేలిక కాదు తప్పుకోవడం. అడిగేవాడు జీతమిచ్చే మనిషో, సొంత మేనమామో అయి ఉంటాడు. కొందరు అప్పటికే లైసెన్స్ ఫోటో పంపేసి ఉంటారు. అందుకని ఎలా తప్పుకోవాలి, ఇరుక్కుంటే ఎలా బయటపడాలి, బయటపడ్డామో లేదో ఎలా చూసుకోవాలి అన్న వరసలో రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు కాస్త సంగతి

పాయింట్లు అంటే ట్రాఫిక్ తప్పులకు డ్రైవర్ లైసెన్స్ మీద పడే లెక్క. జరిమానా ఎవరు కట్టినా సర్కారుకు ముడుతుంది, పాయింట్లు మాత్రం తోలిన మనిషి లైసెన్స్ మీదే పడాలి. దుబాయ్, షార్జా ఉన్న ఎమిరేట్స్‌లో ఏడాదిలో 24 బ్లాక్ పాయింట్లు నిండితే లైసెన్స్ సస్పెండ్. ఎర్ర లైటు దాటితే 1,000 దిర్హాములు, 12 పాయింట్లు, కారు 30 రోజులు స్వాధీనం. డ్రైవింగ్‌లో ఫోన్ పట్టుకుంటే 800 దిర్హాములు, 4 పాయింట్లు. అంటే రెండుసార్లు ఎర్ర లైటు దాటినోడికి ఇక లైసెన్స్ లేనట్టే. అందుకే వాడు మీ లైసెన్స్ కోసం చూస్తాడు. కువైట్‌లోనూ పాయింట్ల పద్ధతి ఉంది. పైగా 2025 ఏప్రిల్ 22 నుంచి అక్కడ కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చి జరిమానాలు బాగా పెరిగాయి. బ్రిటన్‌లో మూడేళ్లలో 12 పాయింట్లు పడితే మామూలుగా డ్రైవింగ్ నిషేధం. అక్కడ కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకు మొదటి రెండేళ్లలో 6 పడితేనే లైసెన్స్ రద్దు.

మన దగ్గర హైదరాబాద్‌లో 2017 ఆగస్టులో 12 పాయింట్ల పద్ధతి పెట్టారు. ఆంధ్రలో పాయింట్ల బేరం ఎవరూ చేయరు. ఇక్కడ బేరం నేరుగా కేసు మీదే. ‘కేసు నీ మీద వేసుకో’ అంటారు. ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ. బండి మీ పేరున ఉంటే ఆర్సీ, ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులో చివరి 5 అంకెలు. చలానా లేదా నోటీసు ఫోటో, అందులో తేదీ, టైము, చోటు కనబడేలా. ఆ టైముకు మీరు ఎక్కడున్నారో చూపే కాగితం ఏదైనా: హాజరు పట్టిక, బస్సు టికెట్, ఆసుపత్రి చీటీ, పాస్‌పోర్టులో ముద్ర. అడిగినవాడి వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు. వీటిని సిగ్గుతోనో కోపంతోనో డిలీట్ చేయకండి. రేపు మీ తరఫు సాక్ష్యం అవే.

1. అడుగుతున్నది జరిమానానా, పేరా? ముందు తేల్చుకోండి

చాలామంది తికమక పడేది ఇక్కడే. కొడుకు హెల్మెట్ చలానా నాన్న కట్టేస్తే తప్పేమీ లేదు. స్నేహితుడి బండి మీద ఉన్న 1,000 రూపాయలు మీరు ఫోన్‌పేలో కట్టినా తప్పు లేదు. డబ్బు ఎవరిదైనా కావచ్చు. ‘ఆ టైములో బండి నడిపింది నేను’ అన్న వాక్యం కింద మీ పేరు, మీ సంతకం, మీ లైసెన్స్ నంబరు, మీ ఓటీపీ, వీటిలో ఏది అడిగినా అది వేరే పని. అక్కడ ఆగండి.

ఒక చిన్న పరీక్ష ఉంది. "సరే అన్నా, డబ్బు నేనే కడతా, పేరు మాత్రం నీదే రాయి" అని చూడండి. దానికి ఒప్పుకుంటే వాడికి డబ్బు ఇబ్బంది. ఒప్పుకోకపోతే వాడికి కావలసింది మీ పేరే.

2. ఏ దేశంలో ఏమవుతుందో ఒకసారి చూసుకోండి

దుబాయ్, షార్జా వైపు: బండి కెమెరాకు చిక్కితే జరిమానా బండి ఫైలు మీదికి వస్తుంది, పాయింట్లు ఫలానా లైసెన్స్‌కు ఎక్కించాలి. ఆ సందులోనే ఈ వ్యాపారం నడుస్తోంది. తీసుకున్న పాయింట్లు ఏడాది పాటు మీ మీద ఉంటాయి. ఆ ఏడాదిలో మీరు సొంతంగా ఒక్క తప్పు చేసినా లెక్క దగ్గరకొస్తుంది. ఒకరి దగ్గర 12 వేసుకున్న డ్రైవర్, తర్వాత తానే ఒక ఎర్ర లైటు దాటితే సస్పెన్షన్ మొదటిసారికే మూడు నెలలు. హౌస్ డ్రైవర్‌కు మూడు నెలలు లైసెన్స్ లేదంటే పని లేదు, పని లేకపోతే వీసా ఉంటుందో లేదో చెప్పలేం. సేటు ఇచ్చిన డబ్బు ఒక్క నెల జీతానికి సరిపోతుందా, మీరే లెక్కేసుకోండి.

ఇంకో సంగతి చూడండి. అబ్బాయి సెలవు మీద కడపకు వచ్చి ఉగాదికి ఇంట్లో ఉంటాడు. అదే వారంలో అక్కడ పడిన పాయింట్లు అతని లైసెన్స్‌కు ఎక్కిస్తారు, లైసెన్స్ కాపీ సేటు దగ్గరే ఉంది కాబట్టి. పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర ఏమో అతను దేశంలోనే లేడని చెబుతోంది. ఎవరైనా ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే సేటుతోపాటు అబ్బాయి కూడా జవాబు చెప్పుకోవాలి. సెలవుకు వచ్చేటప్పుడు ఒరిజినల్ లైసెన్స్ ఎవరి చేతుల్లోనూ పెట్టి రాకండి.

బ్రిటన్: బండి ఓనరుకు నోటీసు వస్తుంది, ఎవరు నడిపారో 28 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే 6 పాయింట్లు, 1,000 పౌండ్ల దాకా జరిమానా. అబద్ధం చెబితే అది ట్రాఫిక్ తప్పు కాదు, న్యాయ ప్రక్రియను పక్కదారి పట్టించిన నేరం. అక్కడ మంత్రిగా చేసిన క్రిస్ హ్యూన్ 2003లో స్పీడుగా కారు నడిపితే ఆ పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకున్నారు. పదేళ్ల తర్వాత, 2013లో ఇద్దరికీ చెరో 8 నెలల జైలు పడింది. నిజం ఒప్పుకుని ఉంటే ఆయనకు మహా అయితే కొన్నాళ్లు లైసెన్స్ పోయేది. అబద్ధంతో పదవి పోయింది, జైలూ వచ్చింది. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు ఈ కేసు సంగతి ఒకసారి చదవండి.

మన దగ్గర: దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రశ్నలు ఎక్కువ ఇక్కడి నుంచే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 6 ప్రకారం మీ లైసెన్స్‌ను ఇంకొకరు వాడుకోనివ్వకూడదు. సెక్షన్ 133 ప్రకారం పోలీసులు అడిగితే బండి ఓనరు డ్రైవర్ పేరు, చిరునామా, లైసెన్స్ వివరాలు చెప్పాలి. తప్పుడు వివరాలు ఇస్తే సెక్షన్ 179 ఉంది. ఇవన్నీ చిన్నవే అనిపిస్తాయి. యాక్సిడెంట్‌లో మనిషి పోతే కథ మారుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు అయిదేళ్ల దాకా జైలు. ఇది బెయిలబుల్. అందుకే ఓనరు "ఏమీ గాదులే అబ్బీ, స్టేషన్ బెయిలే" అంటాడు. ఆ మాట నిజమే. కానీ బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు పోదు. ఛార్జిషీటు పడుతుంది, వాయిదాలు మొదలవుతాయి, ప్రతి వాయిదాకు పని మానుకుని కోర్టు వరండాలో నిలబడేది మీరు.

డబ్బు తీసుకుని నేరస్తుణ్ని తప్పించడం విడిగా ఒక నేరం. న్యాయ సంహితలో తీసుకున్నవాడికి సెక్షన్ 250, ఇచ్చినవాడికి 251. శిక్ష అసలు నేరాన్ని బట్టి ఉంటుంది. 2024 మే నెల పుణె పోర్షే కారు కేసు గుర్తుండే ఉంటుంది. కుటుంబం డ్రైవర్‌ను నిర్బంధించి, కారు నువ్వే నడిపావని చెప్పమని ఒత్తిడి చేశారన్న ఆరోపణతో పోలీసులు అందులో విడిగా ఇంకో కేసు పెట్టారు.

గల్ఫ్ పోవాలనుకునేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6 కింద పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప కదలదు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దగ్గరా అదే తంటా. ఓనరు ఇచ్చే యాభై వేలకో లక్షకో కువైట్ వీసా పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

3. ‘వద్దు’ అని చెప్పండి, అదే రోజు

నానబెట్టకండి. "ఆలోచించి చెప్తా" అంటే ఎదుటివాడు సగం ఒప్పుకున్నట్టే తీసుకుంటాడు. ఆ లోపల స్టేషన్‌లో మీ పేరు చెప్పేసినా చెప్పేస్తాడు. ముఖాముఖి చెప్పడం కష్టమైతే ఫోన్‌లో చెప్పి, తర్వాత వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి. అది రికార్డుగా కూడా పనికొస్తుంది:

"అన్నా, ఆ రోజు బండి నేను నడపలేదు. నడిపానని ఎక్కడా చెప్పను, సంతకం పెట్టను. నా లైసెన్స్ కాపీ దీనికి వాడొద్దు. లాయరు కావాలంటే తోడు వస్తా."

చివరి లైను కావాలనే పెట్టాను. మన దగ్గర ఉత్త ‘కుదరదు’ అంటే బంధుత్వం తెగినంత పని. చేయగలిగిన సాయం ఒకటి చేతికిస్తే ఎదుటివాడికి మొహం చెల్లుతుంది. ఆసుపత్రికి తోడు వెళ్లండి, జామీను నిలబడండి, డబ్బు సర్దండి. పేరు మాత్రం ఇవ్వకండి.

జీతమిచ్చే ఓనరు అయితే ‘ఉద్యోగం తీసేస్తా’ అంటాడు. ఆ మాట వాయిస్ నోట్‌లోనో, మెసేజ్‌లోనో వస్తే దాచుకోండి. ఒంటరిగా వెళ్లి మాట్లాడకండి, ఇంట్లోవాళ్లనో తోటి డ్రైవర్‌నో తీసుకెళ్లండి.

మైనర్ కొడుకు నడిపిన కేసులో తండ్రులు "నేనే నడిపాను" అని చెప్పేయాలని చూస్తారు. భయం అర్థం చేసుకోదగ్గదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద తండ్రికి లేదా ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. కానీ అదే సెక్షన్‌లో ఒక దారి ఉంది. తనకు తెలియకుండా జరిగిందని గానీ, తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని గానీ రుజువు చేసుకుంటే తండ్రి బయటపడవచ్చు. అబద్ధం చెప్పిన మరుక్షణం ఆ దారి మూసుకుపోతుంది. నోరు తెరిచే ముందు లాయరును కలవండి.

4. బండి మీదైతే, నడిపినవాడి పేరు రాసివ్వండి

బండి మీ పేరున ఉండి, తోలింది ఇంకొకరైతే నోటీసుకు జవాబు కాగితం మీద ఇవ్వండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, ఫలానా తేదీ, ఫలానా సమయానికి ఫలానా చోట నా బండి మీద పడిన చలానా విషయం. బండి నా పేరున ఉంది. ఆ సమయానికి బండి నడిపినవారు ఫలానా, వారి చిరునామా ఇది, లైసెన్స్ నంబరు ఇది. ఆ సమయంలో నేను ఫలానా చోట ఉన్నాను. అందుకు ఆధారం జత చేస్తున్నాను."

రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆన్‌లైన్ చలానా అయితే ఈ-చలాన్ పరివాహన్ సైటులో ఫిర్యాదు విభాగం ఉంది. అక్కడ ఫోటో జతచేసి పెట్టవచ్చు. వచ్చిన నంబరు రాసుకోండి.

ఎవరు తోలారో నిజంగా తెలియకపోతే ఊహించి ఒక పేరు రాయకండి. తాళం ఎవరికిచ్చారో, ఎప్పుడిచ్చారో అంతవరకే రాయండి.

చలానా ఆన్‌లైన్‌లో నడిచే వర్చువల్ కోర్టుకు వెళ్లి ఉంటే అక్కడ రెండు దారులు కనిపిస్తాయి: జరిమానా కట్టడం, లేదా కేసు వాదించుకోవడం. కట్టడం అంటే తప్పు ఒప్పుకున్నట్టే. టెన్షన్‌లో టకటకా నొక్కేయకండి.

5. బండి అమ్మేశారా? కాగితాలు మారాయా?

తెలియకుండానే పరాయి తప్పులు మోసేవాళ్లలో ఎక్కువమంది బండి అమ్మి ఊరుకున్నవాళ్లే. బండి అమ్మారు, డబ్బు తీసుకున్నారు, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. కొన్నవాడు పేరు మార్చుకోలేదు. ఆర్టీఓ రికార్డులో ఓనరు మీరే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే యాక్సిడెంట్ పరిహారానికి వాళ్లే ఓనరు. బండి చేతులు మారి ఎన్నేళ్లయినా సరే.

చేయాల్సింది పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, ఫారం 30. మన రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. కొన్నవాడికి గడువు 30 రోజులు. కొన్నవాడి మీద వదిలేయకుండా మీ వంతు మీరు పెట్టేయండి. అప్పగించిన తేదీ, టైముతో ఒక రసీదు రాయించుకోండి. టైము ఎందుకంటారా? పొద్దున అమ్మిన బండికి సాయంత్రం చలానా పడిన సంగతులు లేకపోలేదు.

6. ఇప్పటికే ఒప్పుకుని ఉంటే

ఇక్కడ మూడు దశలు ఉంటాయి.

లైసెన్స్ కాపీ మాత్రమే ఇచ్చారు, ఇంకా ఏ ఫారమూ వెళ్లలేదు: పైన చెప్పిన మెసేజ్ వెంటనే పెట్టండి. డబ్బు తీసుకుని ఉంటే వచ్చిన దారిలోనే, అంటే అదే ఖాతాకు, తిరిగి పంపండి. నగదు చేతిలో పెట్టి వచ్చేస్తే రుజువు ఉండదు.

ఫారం వెళ్లింది, కేసు ఇంకా కాలేదు: ఒంటరిగా స్టేషన్‌కో, ట్రాఫిక్ ఆఫీసుకో వెళ్లి "అది అబద్ధం సార్" అని చెప్పేయకండి. చెప్పాలి, కానీ ఎలా చెప్పాలో లాయరు చూసి చెప్పాలి. ముందు చెప్పిన అబద్ధం కూడా మీ మీద నేరమే కాబట్టి. లాయరుకు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కడప, కర్నూలు, అనంతపురం మూడు చోట్లా జిల్లా కోర్టు దగ్గర అడగండి. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. గల్ఫ్‌లో ఉంటే ఇండియన్ ఎంబసీ లేదా కాన్సులేట్ సాయం అడగండి.

కేసు నడుస్తోంది: ఇక లాయరు చెప్పినట్టే. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఓనరు పెట్టిన లాయరే మీకూ లాయరు అంటే ఒప్పుకోవద్దు. ఆయన ఫీజు ఇచ్చేది ఓనరు. మీకూ ఓనరుకూ ఇక్కడ లాభనష్టాలు ఎదురెదురు.

7. పాయింట్లు తగ్గించుకునే సక్రమ దారులు

ఎమిరేట్స్‌లో శిక్షణ కోర్సు చేస్తే 8 బ్లాక్ పాయింట్లు తగ్గుతాయి. బడులు తెరిచే రోజున ప్రతిజ్ఞ తీసుకుని జాగ్రత్తగా నడిపితే 4 పాయింట్లు తగ్గించే కార్యక్రమం కూడా 2023, 2024లలో పెట్టారు. ‘నా లైసెన్స్ ఇస్తా’ అనే బదులు సేటుకు ఈ కోర్సు సంగతి చెప్పండి. బ్రిటన్‌లో స్పీడు కాస్తే ఎక్కువైతే పాయింట్లకు బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఇవ్వవచ్చు. మూడేళ్లలో ముందే ఒకసారి చేసి ఉంటే దొరకదు. మన దగ్గర లైసెన్స్ సస్పెండ్ చేస్తూ ఆర్టీఓ ఉత్తర్వు ఇస్తే, అది చేతికందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. హెల్మెట్ లేకపోయినా, బైకు మీద ముగ్గురు ఎక్కినా మూడు నెలల అనర్హత అని చట్టంలో ఉంది. చాలామందికి 1,000 రూపాయల సంగతి ఒక్కటే తెలుసు.

జనం చేసే తప్పులు

బాండ్ పేపర్ మీద నమ్మకం. "ఏం జరిగినా నాదే బాధ్యత" అని నూరు రూపాయల బాండు మీద రాయించుకుని నోటరీ చేయించి దిండు కింద పెట్టుకుంటారు. చట్టవిరుద్ధమైన పనికి రాసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద చెల్లదు. డబ్బు ఎగ్గొట్టినా కోర్టుకు వెళ్లి అడగలేరు. పైగా డబ్బు తీసుకుని ఒప్పుకున్నారనడానికి ఆ బాండే రుజువు. తెల్ల కాగితమైనా, స్టాంపు కాగితమైనా మీ మెడకు మీరు అల్లుకున్న తాడే అది.

ఎవరు కనిపెడతారులే అనుకోవడం. కర్నూలు నుంచి జాతీయ రహదారి 44 మీద బెంగళూరు వైపు వెళ్తుంటే అమకతాడు, కసేపల్లి, అనంతపురం దాటాక మరూరు టోల్ గేట్లు వస్తాయి. ఫాస్టాగ్‌లో టైము ఉంటుంది, గేటు కెమెరాలో ముందు సీటు కనబడుతుంది. మీ ఫోన్ ఏ టవర్ కింద ఉందో రికార్డు ఉంటుంది. డ్రైవర్ సీటులో ఉన్నవాడికి సీటుబెల్టు దెబ్బ కుడి భుజం మీద పడుతుంది, పక్క సీటువాడికి ఎడమ భుజం మీద. డాక్టర్ రాసిన గాయాల పత్రం చూసి ఇన్సూరెన్సు పరిశీలకుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

ఇన్సూరెన్సు కడుతుందిలే అనుకోవడం. ఓనరు డ్రైవర్‌ను మార్చేది చాలాసార్లు అసలు తోలినవాడికి లైసెన్స్ లేకనో, తాగి ఉండటం వల్లనో. అది బయటపడితే బండి రిపేరు క్లెయిము పోతుంది. చనిపోయినవాళ్ల కుటుంబానికి కంపెనీ ముందు చెల్లించినా, ఆ సొమ్ము మళ్లీ ఓనరు దగ్గర వసూలు చేసుకోమని పరిహారం తేల్చే ట్రైబ్యునల్ చెప్పవచ్చు. ఆ దావాలో డ్రైవర్‌గా మీ పేరూ ఉంటుంది. ఓనరు అప్పటికి ఆస్తి కొడుకు పేరున రాసేసి ఉంటే ఎవరి ఇంటికి వస్తారో ఆలోచించండి.

వాట్సాప్‌లో లైసెన్స్ ఫోటో. రూము అద్దెకు, సిమ్ కార్డుకు, ట్రావెల్స్‌లో పనికి ఇచ్చే కాపీ మీద అడ్డంగా రాయండి: ఏ పనికి ఇస్తున్నారో, తేదీ, సంతకం. దాన్ని ఇంకో పనికి వాడటం కష్టమవుతుంది. ఖర్చు లేదు, పదే పదే చెప్పినా ఎవరూ చేయరు.

దొంగ చలానా మెసేజ్. ‘మీ బండికి చలానా ఉంది, ఈ ఫైలు తెరవండి’ అని ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు వస్తుంది. తెరిస్తే ఫోన్ వాళ్ల చేతికి పోతుంది. సర్కారు సైటు చిరునామా ‘జీఓవీ డాట్ ఇన్’తో ముగుస్తుందో లేదో చూడండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

అంతా సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

ముందు లైసెన్స్. పరివాహన్ సైటులో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే స్థితి కనబడుతుంది. డిజిలాకర్‌లో కూడా చూడొచ్చు. సస్పెండ్ అని గానీ, మీకు తెలియని మార్పు గానీ కనబడితే స్క్రీన్‌షాట్ తీసి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి.

తర్వాత చలానాలు. ఈ-చలాన్ పరివాహన్ సైటులో బండి నంబరుతో ఒకసారి, లైసెన్స్ నంబరుతో ఇంకోసారి వెతకండి. రెండోది మర్చిపోతారు. పరాయి బండి తప్పు మీ లైసెన్స్‌కు ఎక్కిస్తే అది మీ బండి నంబరుతో వెతికినప్పుడు కనబడదు. ప్రతి చలానాకు ఫోటో ఉంటుంది. బండి రంగు, నంబరు, తోలినవాడి ముఖం చూడండి. స్కూటీ నంబరుకు బుల్లెట్ ఫోటో వచ్చిందంటే నంబరు ప్లేటు కాపీ కొట్టారని అర్థం, వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

తర్వాత కేసులు. ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా ఎంచుకుని మీ పేరుతో వెతకండి. ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి తండ్రి పేరు, ఊరు కలుస్తున్నాయా చూసుకోండి. మీ సంగతి స్టేషన్ దాటిందని అనుమానం ఉంటే ఇది ఒకసారి చూసి వదిలేయకండి, నెలకోసారి చూడండి. ఛార్జిషీటు ఆలస్యంగా పడుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు దుబాయ్ పోలీస్ యాప్‌లోనో, ఎమిరేట్స్ హోం శాఖ యాప్‌లోనో తమ లైసెన్స్ మీద పాయింట్లు ఎన్నున్నాయో చూసుకోవచ్చు. సెలవుకు బయలుదేరే ముందు ఒకసారి, తిరిగి వెళ్లాక ఒకసారి చూడండి. మధ్యలో అంకె మారితే మీరు లేనప్పుడు ఎవరో మీ లైసెన్స్ వాడారన్నమాట. అప్పుడు పాస్‌పోర్టులో రెండు ముద్రల ఫోటోలు, యాప్ స్క్రీన్‌షాట్ పట్టుకుని ట్రాఫిక్ ఆఫీసుకు వెళ్లండి. బ్రిటన్ లైసెన్స్ ఉన్నవాళ్లు అక్కడి ప్రభుత్వ సైటులో లైసెన్స్ నంబరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పోస్టుకోడుతో చూసుకోవచ్చు.